ఎండలో దేహసాధన



మన పల్లెల యువకులు పలువురు పోలీసు కొలువునో, సైన్యములో ఉద్యోగమునో ఆశించి హైదరాబాదు చేరుచున్నారు. నగరమునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారము ప్రాంతములలో గదులు అద్దెకు తీసుకొని, పగలెల్ల చదువుకొనుచు, వీలు చిక్కినపుడు దొరికిన మైదానమున పరుగెత్తుచున్నారు. పోలీసు కొలువు గోరు పురుషులు 1600 మీటర్లు, స్త్రీలు 800 మీటర్లు నియమిత కాలములో పరుగెత్తవలసి యుండును. వారిలో మీ కుమారులో, మనుమలో, మనుమరాండ్రో ఉండవచ్చును. కావున ఎండలో సాధన చేయువారు నీటిని గురించి, నీడను గురించి ఎట్టి జాగ్రత్త వహింపవలెనో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా నేను కన్నులార చూచిన సంగతి యొకటి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట, ఏప్రిలు మాసమున, నాచారములోని ఒక బయలునందు కొందరు యువకులు పరుగెత్తుచుండిరి. ఉదయము తొమ్మిది గంటలు దాటినది. వారిలో ఒకడు సేద్యగాని కుమారుడు. సంవత్సరకాలము గదిలో పంకా క్రింద కూర్చుండి చదువుకొని, పరీక్ష ముగిసిన మూడవనాడే పరుగు మొదలిడినాడు. దేహము తేలికగా నుండవలెనని ఉదయమునుండి నీరు ముట్టలేదు. బరువు తగ్గునని, గాలి చొరని దళసరి అంగీ తొడిగినాడు. నాలుగవ చుట్టులో కాళ్లు తడబడినవి. పేరడిగిన మరియేదో చెప్పినాడు. పిమ్మట కూలబడినాడు.

"చెమట పట్టుచున్నది గదా, ఇది వడదెబ్బ కాదు" అని యొకరనిరి. మరియొకరు నోట నీరు పోయబోయిరి. నేనును, ఎందరికో కసరత్తు నేర్పినవాడనయ్యు, "ఆటో పిలువుడు" అని కేకలు వేయుచుంటిని. అంతలో దారిని పోవు నీళ్ల టాంకరు నడుపువాడు బండి నిలిపి, గొట్టము విప్పి, ఆ పిల్లవానిని ఆపాదమస్తకము తడిపినాడు. 108 వాహనము వచ్చువరకు నీరు పోయుచునే యుండెను. పిల్లవాడు బ్రదికినాడు. ఆ నీరే వానిని కాపాడినదని పిదప వైద్యుడు చెప్పెను. నాకు తెలియవలసినది టాంకరువానికి తెలిసియుండుట నన్ను సిగ్గుపరచినది. నేటి నా మాటలకు మూలమదియే.

ఆ పిల్లవాని తండ్రి నాతో అన్న మాట నేటికిని మరువలేదు. "పొలములో పుట్టి పెరిగినవాడు, వానికి ఎండ యేమి క్రొత్త?" అని ఆయన ఆశ్చర్యపడెను. ఈ నమ్మకమే పెక్కు ఇండ్లలో నున్నది. ఇది పొరపాటు. ఎండను ఓర్చు శక్తి పుట్టుకతో వచ్చి నిలుచునది కాదు. అది అలవాటువలన వచ్చును. అలవాటు తప్పినచో కొన్ని వారములలోనే చాలవరకు పోవును.

ఏటివలన నట్లగునో చూతము. మన శరీరపు వేడి సాధారణముగా 37 డిగ్రీలు, అనగా జ్వరమాపకమున 98.6 ఫారన్‌హీటు. పరుగెత్తునపుడు కండరములు తాము వ్యయించు శక్తిలో సుమారు నాల్గవ వంతు మాత్రమే పనిగా మార్చును, తక్కినదంతయు వేడియే. అనగా ఎండలో పరుగెత్తువానికి వెలుపల నొక పొయ్యి, లోపల నొక పొయ్యి మండుచుండును. నీడన కూర్చున్న ముసలివానికి తగులు వడదెబ్బకు వెలుపలి పొయ్యి చాలవరకు కారణము. పరుగెత్తు పడుచువానికి తగులునది లోపలి పొయ్యివలన గూడ. కావుననే అది నిమిషములలో ముంచుకొని వచ్చును.

ఆ వేడిని వెళ్లగొట్టు ఉపాయము చెమట. దీనిని మీ యింటి మట్టికూజాయే చక్కగా బోధించును. కూజా గోడనుండి ఊరిన తేమ గాలికి ఆవిరియగునపుడు లోపలి వేడిని లాగికొనిపోవును, నీరు చల్లబడును. వానదినములలో గాలి తడిగా నుండుటచే కూజానీరు అంతగా చల్లబడదు. మన చెమటయు నంతియే. ఆరిన చెమటయే చలువనిచ్చును. నేలకు కారిన చెమట వృథా. గాలి చొరని అంగీ తొడుగుట కూజాకు తారు పూయుటవంటిది. బరువు తగ్గినట్లు కనబడునది నీటి బరువే గాని క్రొవ్వు కాదు.

ఎండలో గట్టిగా శ్రమించువాడు గంటకు ఒకటి రెండు లీటర్ల చెమట కోల్పోవచ్చును. దానితోబాటు ఉప్పును పోవును. నెత్తురులో నీరు తగ్గినకొలది గుండె వడిగా కొట్టుకొనును, చర్మమునకు నెత్తురు చాలదు, చెమట తగ్గును, లోపలి వేడి పెరుగును. అది 40 డిగ్రీలు, అనగా 104 ఫారన్‌హీటు దాటి, మతి చలించినచో ప్రాణాపాయము.

ఇక అలవాటు సంగతి. దినదినము కొంచెముసేపు వేడిలో శ్రమించువాని శరీరము పది మొదలు పదునాలుగు దినములలో మారును. నెత్తురులో నీటిభాగము హెచ్చును. చెమట ముందుగను, ధారాళముగను పట్టును. చెమటలో ఉప్పు తగ్గును. అదే పరుగునకు గుండె తక్కువ కొట్టుకొనును. మీరు క్రొత్త కోడెను తొలినాడే దినమెల్ల దున్నింతురా? కాడి మెడమీద వేసి నాలుగడుగులు నడిపింతురు. మరునాడు కొంత హెచ్చింతురు. క్రొత్తగా ఎండపనిలో చేరు కూలీలకు అమెరికా దేశపు కార్మికారోగ్య సంస్థవారు చెప్పినదియు నిదియే: తొలినాడు పనిలో ఐదవ వంతు మాత్రమే, పిమ్మట దినమునకు ఐదవ వంతుకంటె మించి హెచ్చింపరాదు. ఎండపనులలో కలుగు మరణములు తొలి కొద్దిదినములలోనే అధికముగా సంభవించుచున్నవి. కోడెకు చూపు ఓర్పు కొడుకునకు చూపరాదా?

ఉప్పల్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానము కలదు. 2005 నవంబరు 16వ తేదీన భారత, దక్షిణాఫ్రికా జట్లు అచట తొలి అంతర్జాతీయ పందెమాడినవి. అచటి ఆటను మీరు టెలివిజనులో చూచియుందురు. ఆట నడుమ పానీయముల కొరకు ఆట నిలుపుదురు. మెడమీద చల్లని తువ్వాళ్లు వేసికొందురు. ఇది సుకుమారము కాదు, శాస్త్రము. 1986 సెప్టెంబరులో మదరాసునందు భారత, ఆస్ట్రేలియా జట్ల నడుమ జరిగిన పందెమున డీన్ జోన్స్ అను ఆస్ట్రేలియా ఆటగాడు ఉక్కపోతలో ఎనిమిది గంటలకు పైగా నిలిచి 210 పరుగులు చేసెను. నడుమ పలుమారులు వాంతి చేసికొనెను. పిమ్మట ఆసుపత్రికి కొనిపోయి నరముద్వారా ఉప్పునీరు ఎక్కింపవలసివచ్చెను. అతడు ఆరోగ్యవంతుడు, యువకుడు, ఆరితేరిన ఆటగాడు. వేడి మనుష్యుని బలమును చూచి వెనుదీయదని ఇందువలన తెలియుచున్నది.

సైన్యములును ఈ పాఠము నేర్చినవి. 1950వ దశకమున అమెరికా మెరీను దళమువారి పారిస్ ఐలండ్ శిక్షణాలయములో క్రొత్త సిపాయిలు వేడికి పడిపోవుచుండగా, యాగ్లూ, మినార్డ్ అను పరిశోధకులు గాలి వేడిని, తేమను, సూర్యుని కాకను, గాలి వీచుటను కలిపి కొలుచు పద్ధతిని 1957లో ప్రకటించిరి. కొలత హద్దు మీరినపుడు కవాతు తగ్గించుట, ఆపుట నియమమయ్యెను. 2022లో కతరు దేశమున జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీని అచటి వేసవికి వెరచి నవంబరు, డిసెంబరు మాసములకు మార్చిరి. లోకమంతటి ధనము, ఏర్పాట్లు గలవారే వేళ మార్చుకొనగా, ఒంటరిగా పరుగెత్తు మన పిల్లవాడు ఎండతో పంతమాడుట తగునా?

మన వేసవి సామాన్యమైనది కాదు. హైదరాబాదులో 1966 జూన్ 2వ తేదీన 45.5 డిగ్రీల వేడి నమోదైనది. 2015 మే నెల వడగాడ్పులకు మన దేశమున 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములవారు. రోహిణీకార్తెలో రోళ్లు పగులునను మన సామెత ఊరక పుట్టలేదు. అందులకు తోడు ఉప్పల్, నాచారము వంటి చోట్ల రాతినేల, సిమెంటు కట్టడములు, తారురోడ్లు పగటి కాకను రాత్రి వరకు విడువవు. కావున వేసవిలో సాయంకాలపు పరుగుకంటె తెల్లవారుజాము పరుగే మేలు. ప్రొద్దెక్కకమునుపే ముగింపవలెను. మన పెద్దలు కోడికూతకు నాగలి కట్టి, ఎండ ముదరక మునుపే ఎడ్లను విప్పుట ఈ జ్ఞానముననే.

నీరెట్లు త్రాగవలెను? పరుగునకు రెండు గంటల ముందు సుమారు అరలీటరు. సాధన సాగుచుండగా పావుగంట, ఇరువది నిమిషములకొకమారు ఒక చిన్న గ్లాసెడు. గంటలోపు సాధనకు మంచినీరే చాలును. అంతకు మించి చెమటోడ్చినచో ఉప్పు వేసిన పలుచని మజ్జిగయో, గంజియో, అంబలియో, ఉప్పు కలిపిన నిమ్మకాయనీరో త్రాగుట మంచిది. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, రెండును తలకొట్టి కొలిచి, కలిపినచో ఇంటనే పానకము సిద్ధము. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరమున కలరా ప్రబలినపుడు దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఉప్పు, చక్కెర కలిపిన ఇట్టి నీటితోనే వేలమందిని కాపాడెను. చక్కెర తోడైనచో ప్రేగులు ఉప్పును, నీటిని త్వరగా పీల్చుకొనుటయే ఇందలి రహస్యము.

పరుగు నడుమ నీరు త్రాగరాదను మాట నమ్మకుడు. అట్లని కడవలకొలది త్రాగుటయు ప్రమాదమే. వట్టి నీరు మితిమీరినచో నెత్తురులో ఉప్పు పలుచనై మెదడు వాచును. కొలత సులభము. పరుగునకు ముందు వెనుకల తూగి చూచుకొనవలెను. కిలో తగ్గినచో లీటరు నీరు పోయినదని యెరుగవలెను. అరువది కిలోల వాడు కిలోకు మించి తగ్గినచో నీరు చాలలేదన్నమాట. బరువు పెరిగినచో మితిమీరినదన్నమాట. మూత్రము లేత గడ్డివన్నెలో నుండిన సరి. ముదురుపసుపుగా నుండిన దాహము తీరలేదు. జ్వరముగాని, విరేచనములుగాని, నిద్రలేమిగాని యున్ననాడు పరుగు మానవలెను. జేబులో ఉల్లిగడ్డ ఉంచుకొన్నచో దోషము లేదు. దానిని నమ్మి నీటిని, నీడను మరచుటయే దోషము.

ఇంత జాగ్రత్త పడినను ఒకడు కూలినాడనుకొందము. మాట తడబడినను, నడక తూలినను, ప్రవర్తన మారినను వడదెబ్బయే యని తలపవలెను. ఒడలు చెమటతో తడిసియున్నంత మాత్రాన కాదనరాదు. అట్టివానిని తరలించుట రెండవ పని. చల్లబరచుట మొదటి పని. వెంటనే నీడకు చేర్చి, పైబట్టలు విప్పి, 108కు ఫోను చేయుచునే, ఉన్న నీరంతయు ఒంటిమీద పోయవలెను. తొట్టి దొరికినచో తల పైకి పట్టుకొని మెడవరకు చల్లని నీట ఉంచవలెను. మంచు దొరికిన మరియు మేలు. తొట్టి లేనిచో బోరునీరు పోయుచు, తడిబట్టలు మార్చుచు, విసరవలెను. తెలివి సరిగా లేనివాని నోట నీరు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. జ్వరపు మాత్రలు ఇందు పనిచేయవు. కూలిన అరగంటలోపల వేడి దించగలిగినచో చాలమంది బ్రదుకుదురు. ఆలస్యమైన కొలది మెదడు, మూత్రపిండములు, కాలేయము చెడును.

పెద్దలారా, మీ పిల్లవాడు ఫోను చేసినపుడు "తిన్నావా, చదివినావా" అని అడుగుదురు గదా! ఈ వేసవిలో మరి మూడు ప్రశ్నలు చేర్చుడని నా విన్నపము. "పరుగు మొదలిడి ఎన్ని దినములైనది? ఏ వేళ పరుగెత్తుచున్నావు? ప్రక్కన నీళ్లతో ఎవడైన ఉన్నాడా?" అని అడుగుడు. "నిన్ననే మొదలిడితిని, పది గంటలకు, ఒంటరిగా" అని జవాబు వచ్చినచో, కొలువు వచ్చే యేడు దొరకునని చెప్పి ఆపుడు. మీ మాట వాడు వినును. మావంటివారి మాటకంటె మీ మాటకే బలమెక్కువ.

ఇక సెలవు.