కోడి మాంసం కడగాలా, వద్దా?

ఈకలు పీకి, పసుపు రాసి, మంటపై కాల్చిన నాటుకోడిని కడగకుండా ఎలా వండుతామని ఇంటావిడ అడుగుతుంది. నిజమే. నెత్తురు, మసి, పేగుల మురికి ఉంటాయి కదా, కడగక తప్పదు. కొట్టులో ముక్కలు కొట్టించి తెచ్చిన బ్రాయిలర్ సంగతి వేరు. పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ క్రిములు నీళ్లకు పోవు. కుళాయి కింద పెడితే తుంపర్లతో పాటు ఎగిరి మంచినీళ్ల బిందె మీద, తరిగిన ఉల్లిపాయల మీద పడతాయి. అందుకే బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2014లో కోడిని కడగవద్దని ప్రచారం చేసింది. క్రిములను చంపేది పొయ్యి సెగే. ముక్క లోపలిదాకా 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగలాలి. మన పులుసు కూర కుతకుత ఉడికితే అది అందుతుంది.

నాటుకోడిని కడిగేటప్పుడు పెరట్లో వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి, ముక్కలను మెల్లగా ముంచి తీయండి. ఆ నీళ్లు బోరింగు దగ్గర పారబోయకండి. చేతులు, కత్తిపీట సబ్బుతో కడిగాకే కూరగాయలు ముట్టుకోండి.