రిఫరీ చేతి యీల

మా మైపాటి సముద్రతీరమున గత మాసమున బాలికల బాస్కెట్‌బాల్ పందెము జరిగెను. ఆట ముగియవచ్చిన వేళ ఒక బాలిక బుట్టక్రింది గీతల నడుమ ఎదుటి జట్టువారి మధ్య చిక్కుకొని, వెలికి వచ్చుటకు పెనగులాడుచుండెను. తన జట్టుచేత బంతి యున్నపుడు అచ్చట మూడు సెకండ్లకు మించి నిలువరాదు. రిఫరీ యీల వేసెను. బంతి పరుల పాలయ్యెను. పిల్ల యేడ్చుచు వచ్చి మా యరుగుపై కూలబడెను.

“నియమము నియమమే గదా!” అనిరి మావారు. ఉపాధ్యాయులు గనుక వారికది సహజము.

నేను వారి బల్లమీది నియమపుస్తకము విప్పితిని. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు 13 నియమములతో కల్పించిన యీ యాటకు నేడొక గ్రంథమే యున్నది. అందు మూడు సెకండ్ల నియమము వెంటనే, వెలికి వచ్చుటకు యత్నించువారి యెడల సడలింపు చూపవలెనని యున్నది! మఱియు, ఒకరినొకరు తాకినపుడు ఆ తాకుడువలన నెవరికైన అనుచిత లాభము కలిగెనా యని రిఫరీ తూచవలెను. ఆ తూకము ఆట పొడుగునను ఒక్కటిగా నుండవలెను. జాలిచే వదలుట విచక్షణ కాదు. ఒక పిల్లపై దయ ఎదుటి పిల్లలకు అన్యాయమగును. కాని విచక్షణ నియమములోని భాగమే. మావారు సగము చదివి తీర్పు చెప్పిరన్నమాట!

ఇట్టి సగము చూపువలని నష్టము మన తెలుగుపడుచు పి.వి. సింధు ఎఱుగును. 2022 ఏప్రిల్‌లో మనీలాలో జరిగిన ఆసియా బ్యాడ్మింటన్ పోటీల సెమీఫైనలున ఆమె జపాను క్రీడాకారిణి అకానె యమగూచిపై మొదటి గేము 21-13తో గెలిచి, రెండవదానిలో 14-11తో ముందుండెను. అంతలో సర్వీసునకు జాగు చేయుచున్నదని అంపైరు ఒక పాయింటు ఎదిరి కిచ్చెను. ఎదుటియామె సిద్ధముగా లేనందున నాగితినని సింధు వాదించెను. జాగు చేయరాదనుట నియమమే. ఎదిరి సిద్ధపడక మునుపు సర్వీసు చేయరాదనుటయు నియమమే. ఏది వర్తించునో కన్నెత్తి చూచుట గదా అంపైరు పని! సింధు ముఖ్య రిఫరీతో మొరపెట్టుకొన్నను పాయింటు మరలలేదు. సభాపర్వమున ద్రౌపది ప్రశ్నకు భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తప్పుకొనెను. సూక్ష్మమైనచో మఱింత నిదానించి చూడవలదా యని నాకు చిన్ననాటినుండియు సందేహమే.

తక్కిన గేములు 19-21, 16-21గా పోయి, సింధు కాంస్యముతో మరలెను. జులైలో ఆసియా బ్యాడ్మింటన్ సంఘపు సాంకేతిక సమితి అధ్యక్షుడు పొరపాటునకు క్షమాపణ తెలిపెను. ఆట తిరిగి రాలేదు.

మా యరుగుమీది పిల్లకు పుస్తకములోని యా పంక్తి చూపితిని. కన్నులు తుడుచుకొని, “పిన్నీ, దీనిని రిఫరీగారికి చూపవచ్చునా?” అని యడిగెను. మావారు మాటాడక పుస్తకము తీసికొని కండ్లద్దములు తగిలించుకొనిరి.