చెవిలో నిమిడెడి చిన్న వినికిడి యంత్రము: వాడుకయు, సంరక్షణయు

ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, చీడపీడలను గూర్చియు వ్రాయుచుందుము. ఈ నెల వ్రాయబోవునది పైరును గూర్చి కాదు, పైరు పెట్టువాని చెవిని గూర్చి. ఇది సేద్యమునకు సంబంధింపని విషయమని సోదర రైతులు తలంపవలదు. చెవి వినబడని రైతు సంతలో ధర వినలేడు; సంఘసభలో తీర్మానము వినలేడు; వెనుకనుండి వచ్చు లారీ మ్రోత వినలేడు. అతడు నష్టపడుచున్నాడని ఇతరులకు తెలియదు. పెక్కుమార్లు అతనికిని తెలియదు.

మా పినతండ్రిగారు 68 ఏండ్ల రైతు. ముప్పది యేండ్లు ఆయిలు ఇంజను ప్రక్కను, నూర్పిడి యంత్రము ప్రక్కను, ట్రాక్టరు మీదను పాటుపడినవారు. ఏటేట సంఘ మహాజనసభకు వచ్చి, వెనుక వరుసలో కూర్చుండి, అందరును తల యూపినపుడు తామును తల యూపెడివారు. ఒక యేడు సభలో, పంట ఋణమును ఏ తేదీలోపల చెల్లించినవారికి వడ్డీ రాయితీ లభించునో చదివి చెప్పిరి. ఆయన తల యూపిరి. గడువు దాటిన పండ్రెండవ దినమున సొమ్ము మూటగట్టుకొని వచ్చి, రాయితీ పోయినదని తెలిసి నివ్వెరపోయిరి. "నాకు చెప్పకపోతిరేమి?" అని కార్యదర్శిగారి నడిగిరి. "సభలో చదివితిమి గదండీ! మీరు తల కూడ ఊపితిరి" అని ఆయన బదులు చెప్పెను. ఆ మాటను సైతము రెండుమార్లు చెప్పవలసివచ్చెను.

ఆ యేడే కుమారుడు ఆయనను పట్టణమునకు తీసికొనిపోయి, చెవులు పరీక్ష చేయించి, చెవిలో నిమిడెడి చిన్న యంత్రములు రెండు కొనిపెట్టెను. నెల తిరుగకముందే అవి గోడగూటిలో చేరెను. అవి గూటిలో ఏల చేరెనో, మరల ఎట్లు వెలికి వచ్చెనో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందు మా తప్పును కలదు. దానిని దాచము.

చెవి చెడు విధము

లోపలి చెవిలో నత్తగుల్లవంటి భాగమొకటి కలదు. అందు సుమారు 15,000 సూక్ష్మ రోమకణములు శబ్దమును గ్రహించి నరమునకు అందించుచుండును. వయసు మీరుటచేతను, చిరకాలము పెద్ద మ్రోతలో ఉండుటచేతను ఇవి నశించును. ఒకమారు నశించిన కణము మరల మొలకెత్తదు. మ్రోతను డెసిబెల్లులలో కొలుతురు. మనము మాటలాడుకొను ధ్వని సుమారు 60 డెసిబెల్లులు. 85 డెసిబెల్లుల మ్రోతలో దినమునకు 8 గంటలకు మించి ఉండరాదని నిపుణుల మతము. మ్రోత 3 డెసిబెల్లులు పెరిగినకొలది ఈ కాలము సగమగును: 88 డెసిబెల్లులకు 4 గంటలు, 91 డెసిబెల్లులకు 2 గంటలు. కప్పుగది లేని ట్రాక్టరుపై కూర్చున్నవాని చెవియొద్ద మ్రోత 90 దాటుట సామాన్యము. కావున వయసులోనున్న రైతులు ట్రాక్టరు నడుపునపుడును, నూర్పిడి వేళను చెవులకు బిరడాలు పెట్టుకొనుట మేలు. వాని వెల స్వల్పము.

ఇట్టి చెవుడున ముందుగా పోవునవి సన్నని ధ్వనులు. స్త్రీలయొక్కయు, పిల్లలయొక్కయు కంఠములును, స, శ, త వంటి హల్లులును ముందు జారిపోవును. అందువలననే పెద్దలు "వినబడుచున్నది గాని తెలియుటలేదు" అందురు. అట్టివారి యెదుట గట్టిగా అరచుటవలన ప్రయోజనము లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము, లోకమున 150 కోట్లకు పైగా జనులకు ఏదో యొక మేర వినికిడి లోపము కలదు. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదని దీనివలననే తేటపడును.

యంత్ర స్వరూపము

బటాణీ గింజకంటె కొంచెము పెద్దదగు ఈ యంత్రములో, శబ్దమును పట్టు మైకును, దానిని చెవియొక్క లోపమునకు తగినట్లు సవరించి పెంచు పరికరమును, చెవిలోనికి పంపు చిన్న స్పీకరును, వీనిని నడుపు సెల్లును ఉండును. 1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడుటకు పూర్వము ఇట్టి యంత్రమును జేబులో మోయవలసివచ్చెడిది. 1952 చివర ట్రాన్సిస్టరు వినికిడి యంత్రములలో ప్రవేశించెను. అటుపిమ్మట అవి చిన్నవగుచు వచ్చి, నేడు ఎవరి చెవి అచ్చు తీసికొని వారికే అమర్చునంతటి స్థితికి వచ్చినవి.

ఐనను ఈ చిన్న యంత్రము అందరికిని తగదు. చెవినుండి చీము కారువారును, మిక్కిలి ఎక్కువ చెవుడు గలవారును, వ్రేళ్లు వణకుచు చిన్న వస్తువును పట్టుకొనలేనివారును చెవివెనుక తగిలించుకొను పెద్దరకమును అడుగుట మేలు. ఒక చెవి అకస్మాత్తుగా వినబడకపోయినచో యంత్రమును గూర్చి ఆలోచింపక ఆనాడే వైద్యునియొద్దకు పోవలెను. సంతలలోను, తపాలా ద్వారమునను పరీక్ష లేకుండ అమ్ముడుపోవు శబ్దపు పెట్టెలను కొనవలదు. భూమిని పరీక్షింపక ఎరువు చల్లుట యెట్టిదో, చెవిని పరీక్షింపక యంత్రము పెట్టుట అట్టిది.

అలవాటు చేసికొనుట

ఇక్కడనే మా తప్పు జరిగినది. యంత్రములు వచ్చిన మరునాడే మేము పినతండ్రిగారితో, "బాబాయిగారూ, ఉదయము పెట్టుకొని రాత్రి తీయండి, అదే అలవాటగును" అంటిమి. ఆయన ఆనాడే సంతకు పోయిరి. బండ్ల చప్పుడు, కేకలు, మోటారుకూతలు అన్నియు ఒక్కసారిగా చెవిలో పడగా తలనొప్పితో తిరిగివచ్చి, "నాకీ గోల వద్దురా" అని యంత్రములను గూటిలో పెట్టిరి. కోడెదూడను మొదటి దినముననే నాగటికి కట్టి సాయంకాలమువరకు దున్నించు రైతు కలడా? కాడి మోయుట నేర్పునట్లే చెవికిని క్రమముగా నేర్పవలెను.

మొదటి వారము ఇంటిలో, నిశ్శబ్ద సమయమున, దినమునకు ఒకటి రెండు గంటలు ధరింపవలెను. ఒకరితో మాత్రమే ఎదురెదురుగా కూర్చుండి మాటలాడవలెను. తన కంఠము తనకే కుండలో మాటలాడినట్లు తోచును, దానికి వెరవవలదు. రెండవ వారము ముగ్గురు నలుగురి నడుమను, తరువాత వీథిలోను, కడపట సంతలోను, సభలోను వాడవలెను. ఏండ్ల తరబడి వినని ధ్వనులను మెదడు మరల గుర్తుపట్టుటకు కొన్ని వారములు పట్టును. నొప్పి గాని పుండు గాని కలిగినచో ఓర్చుకొనక, అమర్చినవారియొద్దకు పోయి సరిచేయించుకొనవలెను.

దినచర్య

ఎర్రగుర్తు గలది కుడిచెవికి, నీలిగుర్తు గలది ఎడమచెవికి. తొడుగునపుడు మంచముపై గాని పరచిన వస్త్రముపై గాని కూర్చుండవలెను. గచ్చుపై పడిన యంత్రము పగులును. చేతులు కడుగుకొని, ఆరిన పిమ్మటనే దానిని ముట్టవలెను. తలకు నూనె రాచుకొనుట, స్నానము, క్షౌరము ముగిసిన తరువాతనే ధరింపవలెను. వానలో తడియు పనికి పోవునపుడు తీసివేయవలెను. పురుగుమందు చల్లునపుడు తప్పక తీయవలెను. మందు అంటిన వ్రేళ్లతో చెవిని ముట్టుట యంత్రమునకును, మనిషికిని చేటు.

రాత్రి తీసిన వెంటనే పొడి మెత్తని గుడ్డతో తుడిచి, రంధ్రములున్న ముఖమును క్రిందికి త్రిప్పి, యంత్రముతోపాటు ఇచ్చిన చిన్న కుంచెతో గులిమిని దులుపవలెను. ముఖము పైకి ఉన్నచో దులిపినది లోనికే పడును. నీరు, స్పిరిటు, కిరసనాయిలు తగిలింపరాదు. పిన్నీసుతో పొడువరాదు. చెవిలోని గులిమిని సైతము పుల్లతోను, కోడియీకతోను కెలుకరాదు. గట్టిపడినచో వైద్యునిచేత తీయించుకొనవలెను.

తరువాత సెల్లు తలుపు తెరచి, యంత్రమును తేమ పీల్చు గుళికలుగల డబ్బీలో ఉంచవలెను. ధాన్యమును తేమతో గాదెలో పోసినచో ముక్కిపోవుట మనకు తెలిసినదే. చెమటతో తడిసిన యంత్రముగతియు నంతే. డబ్బీలో పెట్టునపుడు సెల్లును వేరుగా తీయవలెను, లేనిచో గుళికలు దానిని ఎండబెట్టి బలము తగ్గించును. గుళికల రంగు మారినపుడు వానిని వేడిచేసి గాని మార్చి గాని వాడవలెను. యంత్రము నీటిలో తడిసినచో సెల్లు తీసి, తుడిచి, నీడను గాలికి ఆరబెట్టవలెను. ఎండలోను, పొయ్యిగట్టుపైను పెట్టవలదు. బియ్యములో పూడ్చవలదు, తవుడు రంధ్రములలో చేరును. కుక్కకు అందునట్లు ఉంచవలదు. మనిషివాసనకును, ఈలకును ఆశపడి అది నమలివేయును.

సెల్లులు

ఈ యంత్రములలో వాడు సెల్లులకు సంఖ్యయు రంగును ఉండును. 10వ సంఖ్యకు పసుపు, 312కు గోధుమరంగు, 13కు నారింజరంగు. సెల్లుపై అంటించిన రంగుకాగితమును తీసినంతనే గాలి లోనికి చొచ్చి సెల్లు పనికి ఆరంభించును. కావున కాగితము తీసి మూడు నాలుగు నిమిషములు ఆగి, పిమ్మట యంత్రములో పెట్టినచో ఎక్కువ దినములు నడచును. తీసిన కాగితమును మరల అంటించి దాచుటవలన లాభములేదు. పసుపు సెల్లు సుమారు నాలుగైదు దినములు, గోధుమరంగు సెల్లు సుమారు వారము నడచును. రాత్రి తలుపు తెరచి ఉంచినచో వ్యర్థవ్యయము తగ్గును. తిరిగి ఛార్జిచేయు రకమైనచో తుడిచి, పొడిచేసి, రాత్రి దాని పెట్టెలో ఉంచిన చాలును.

ఒక హెచ్చరిక. ఈ సెల్లు మాత్రబిళ్లవలె నుండును. పిల్లలు మ్రింగినచో లోపల కాల్చి ప్రాణముమీదికి తేగలదు. వాడినదానిని గాని క్రొత్తదానిని గాని పిల్లలకును, పశువులకును అందనీయవలదు. మ్రింగినచో క్షణమైనను జాగుచేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

యంత్రము మూగవోయినపుడు

పినతండ్రిగారు రెండవమారు క్రమముగా అలవాటు చేసికొనిరి. మూడు వారములు బాగుగా నడచెను. అంతట కుడిచెవి యంత్రము మూగవోయెను. "పాడైపోయినది, సొమ్ము నీళ్లపాలాయెను" అని మరల గూటిలో పెట్టబోయిరి. మేము చూడగా, స్పీకరు ముఖమునందలి చిన్న గులిమిజల్లెడ పూర్తిగా పూడిపోయి యున్నది. దానిని తీసి, క్రొత్తది తొడిగినంతనే యంత్రము పలికెను.

మోటారు తిరుగుచు నీరు ఎక్కనిచో రైతు మొదట చూచునది ఫుట్‌వాల్వు జల్లెడను. చెత్త తీయక మోటారునకు తీగ చుట్టించువాడు లేడు. చెవియంత్రము విషయమునను అదియే క్రమము. మొదట సెల్లు మార్చి చూడవలెను. తరువాత జల్లెడ చూడవలెను. తరువాత మైకు రంధ్రము దులుపవలెను. పిమ్మట యంత్రమును గుప్పిట మూసి చూడవలెను. సాధారణముగా ఈల వేయును. వేసినచో ప్రాణమున్నదనియే అర్థము. చెవిలో ఉన్నపుడు ఎడతెగక ఈల వేసినచో సరిగా కూర్చుండకపోవుటయో, చెవిలో గులిమి నిండుటయో కారణము. ఇవన్నియు చూచినను పలుకనిచో అంగడికి పోవలెను. ఇంటిలో మరలు విప్పవలదు.

సహాయము లభించు స్థలములు

మొదట జిల్లా ఆసుపత్రిలోని చెవి ముక్కు గొంతు వైద్యునిచేత పరీక్ష చేయించుకొనవలెను. సికిందరాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రము కలదు. వినికిడి పరీక్షయు, యంత్రములు అమర్చుటయు అక్కడి పనులు. వినికిడి లోపము గలవారికి ఉపకరణము లిచ్చు కేంద్రప్రభుత్వ పథకము 1981నుండి నడచినది. 60 ఏండ్లు నిండిన పేదవారికొరకు 2017లో రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఆరంభమైనది. అర్హతయు, శిబిరముల తేదీలును జిల్లా సంక్షేమ కార్యాలయములో విచారింపవలెను.

యంత్రము పోయిన వినికిడిని సంపూర్ణముగా తిరిగి తేలేదు. ఊతకర్ర కాలు కాదు, ఐనను నడిపించును. కావున యంత్రము ధరించినవారు సభలో ముందు వరుసను కూర్చుండి, మాటలాడువారి ముఖమును చూడవలెను. మిగిలినవారికిని ఒక కర్తవ్యము కలదు. ముఖమునకు ఎదురుగా నిలిచి, అరవక, నిదానముగా మాటలాడవలెను. తేదీలను, మొత్తములను నల్లబల్లపై వ్రాయవలెనని మా సంఘ కార్యదర్శులను కోరుచున్నాము. తల యూపినవారందరును విన్నవారు కారు.

క్రిందటి మహాజనసభలో పినతండ్రిగారు మొదటి వరుసలో కూర్చుండిరి. గడువు తేదీ చదివినపుడు తల యూపలేదు. లేచి నిలిచి, "ఆ తేదీ మరియొకమారు చదువుడు" అనిరి. కార్యదర్శిగారు చదివిరి. అంతట వెనుక వరుసనుండి మరియిద్దరు పెద్దలు, "మాకును వినబడలేదు" అని పలికిరి.

— ఒక వ్యవసాయ ప్రదర్శకుడు