బోథ్ నుంచి బిజినెస్ స్కూలుకు: దారి పొడవునా అంకెలే

8,110. పొడవు పింజ పత్తికి 2025–26లో కేంద్రం ప్రకటించిన మద్దతు ధర ఇది, క్వింటాకు రూపాయల్లో. తేమ 8 శాతం లోపు ఉంటేనే ఆ ధర పూర్తిగా చేతికొస్తుంది. ఆపైన పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పడుతుంది, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. సరిగ్గా 12 శాతం తేమతో కాంటా ఎక్కిన క్వింటాపై పోయేది 324 రూపాయలు. పది క్వింటాళ్లు తెచ్చిన రైతుకు నష్టం 3,244. రెండు రోజులు ఆరబెట్టి తేవాలా, ఇవాళే అమ్ముకోవాలా అని తేల్చేది ఈ లెక్కే.

పత్తి, సోయా పండే ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతంలో కామర్స్ పట్నం పిల్లల చదువు అనుకోవడానికి వీల్లేదు. షావుకారు అప్పులకు ఆదిలాబాద్ గోండుల భూములు ఎలా చేజారాయో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలోనే రాశాడు. లెక్క ఎవరి చేతిలో ఉంటే లాభం వారిదే. మరి ఇక్కడి గోండు, కోలాం, లంబాడా, దళిత పిల్లలు బీకాం, బీబీఏ, ఎంబీఏ దాకా వెళ్లాలంటే ఏమేం కలిసిరావాలి?

పదిమందిలో ముగ్గురు, పది సీట్లలో ఒకటి

2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆదిలాబాద్ జిల్లా జనాభా 7.09 లక్షలు. ప్రతి పదిమందిలో ముగ్గురికి పైగా ఎస్టీలే. బోథ్ శాసనసభ స్థానం కూడా ఎస్టీ రిజర్వుడు. రాష్ట్రం మొత్తం మీద ఎస్టీల వాటా 9 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2022లో ఎస్టీ రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతానికి పెంచింది. అంటే 60 సీట్ల ఎంబీఏ సెక్షన్‌లో ఎస్టీలకు ఇదివరకు నాలుగు సీట్లు కూడా రాని చోట ఇప్పుడు ఆరు వస్తాయి. ఎస్సీలకు 15 శాతం లెక్కన తొమ్మిది.

సీటు ఉన్నంత మాత్రాన దాని దాకా చేరినట్టు కాదు. 2011లో రాష్ట్ర అక్షరాస్యత 66.5 శాతమైతే ఎస్టీల్లో 49.5. ఆ తరం పిల్లలే ఇవాళ డిగ్రీ తరగతుల్లో ఉన్నారు. డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో ఏ కాలేజీకి ఆప్షన్ పెట్టాలో, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు ఎప్పుడు దరఖాస్తు చేయాలో చెప్పేవాళ్లు వారిలో చాలామందికి ఇంట్లో ఉండరు. 2016లో 30 ఎస్సీ మహిళా గురుకుల డిగ్రీ కాలేజీలు, 2017లో 22 గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చాక తిండి, వసతితో డిగ్రీ చదివే వీలు పెరిగింది. చిక్కంతా డిగ్రీ తర్వాతే.

ప్రశ్నకు 45 సెకన్లు

ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 45 సెకన్లు. ఇతరులకు కనీస అర్హత 25 శాతం, అంటే 50 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు ఆ పరిమితి లేదు. డిగ్రీలోనూ 50 శాతానికి బదులు 45 చాలు. విశ్లేషణ, గణితం విభాగాలకు 75 చొప్పున మార్కులు. ఈ 150 మార్కుల ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. మిగిలిన 50, అంటే పేపర్‌లో నాలుగో వంతు, కమ్యూనికేషన్ విభాగం. అది ఇంగ్లిషులోనే.

ఇంట్లో గోండి, బడిలో తెలుగు, సంతలో మరాఠీ మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు ఇంగ్లిషు నాలుగో భాష. అర్హత సడలింపు ర్యాంకు జాబితాలో పేరు చేరుస్తుంది. మంచి కాలేజీలో సీటు ఇప్పించేది మాత్రం ర్యాంకే. ఐసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దన్న ఈ చిన్న మాట చెప్పేవాళ్లున్నా నాలుగు మార్కులు కలిసొస్తాయి.

రోజుకు 70 రూపాయలు

కుటుంబ వార్షికాదాయం 2 లక్షల లోపున్న ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రాష్ట్రం ఈ-పాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తుంది. బీసీలకు ఊళ్లలో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు పరిమితి. హాజరు 75 శాతం ఉండాలి. అయితే డబ్బు ఆలస్యమైతే ఒత్తిడి పడేది విద్యార్థి మీదే. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో బంద్‌కే దిగాయి.

ఇక హాస్టల్ సంగతి. కాలేజీ విద్యార్థుల మెస్ చార్జీలను 2024లో నెలకు 1,500 నుంచి 2,100కు పెంచారు. రోజుకు 70 రూపాయలన్నమాట. టిఫిన్, రెండు పూటల భోజనం అందులోనే.

ఐఐఎంల లెక్క వేరు. అక్కడ ఎస్టీలకు 7.5 శాతం, ఎస్సీలకు 15 శాతం సీట్లు. వాటి ప్రవేశ పరీక్ష 2025 క్యాట్‌కు ఇతరులు 2,600 రూపాయలు కడితే ఎస్సీ, ఎస్టీలు 1,300 కట్టారు. పేరున్న సంస్థల్లో సీటొచ్చిన ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 1,000 టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది. ఆదాయ పరిమితి 6 లక్షలు. ఫీజుతో పాటు నెలకు 2,200 జీవన భృతి, కంప్యూటర్‌కు 45,000 ఇస్తారు. విదేశాల్లో మేనేజ్‌మెంట్ చదవాలంటే రాష్ట్రం ఇచ్చే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు.

కాగితం మీద సాయం తక్కువేం కాదు. కానీ ఇందులో దాదాపు ప్రతి రూపాయీ సీటొచ్చాకే అందుతుంది. కోచింగ్, పుస్తకాలు, పరీక్షకు ప్రయాణం, పట్నంలో గది అద్దె లాంటివన్నీ సీటు రాకముందు ఖర్చులే.

294 మంది ఉపాధ్యాయులు

డబ్బు ఒక్కటే చాలదు, పాఠం చెప్పేదెవరన్నదీ ముఖ్యమే. అమెరికాలో కేపీఎంజీ ఫౌండేషన్ చొరవతో 1994లో ‘పీహెచ్‌డీ ప్రాజెక్ట్’ మొదలైంది. అప్పటికి అక్కడి బిజినెస్ స్కూళ్లలో నల్లజాతి, హిస్పానిక్, ఆదివాసీ ప్రొఫెసర్లు కేవలం 294 మంది. తమవాళ్లు పాఠం చెబితే పిల్లలు నిలబడతారని నమ్మి ఆ ప్రాజెక్ట్ ఈ వర్గాల పరిశోధక విద్యార్థులకు దన్నుగా నిలిచింది. ఆ సంఖ్య తర్వాత వెయ్యి దాటింది. మనకూ ఇది కొత్త పాఠం కాదు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ పెట్టిన శిక్షణ కేంద్రం గోండు యువకులనే పంతుళ్లను చేసింది.

చేయాల్సినవి మూడు

ఒకటి, ఐసెట్ శిక్షణ డిగ్రీ చివరి ఏడాదిలోనే, ఇంగ్లిషు విభాగానికి ఎక్కువ గంటలిచ్చి, హాస్టళ్లలోనే నడపాలి. రెండు, కామర్స్ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ హైదరాబాద్‌లోనే ఉండనక్కర్లేదు. మార్కెట్ యార్డు, గిరిజన సహకార సంస్థ, మహిళా సంఘాల ఖాతాలు, ఇప్పపువ్వు లడ్డూలు చేసే ఉట్నూరు ఆదివాసీ మహిళల యూనిట్ లాంటివి అందుబాటులోనే ఉన్నాయి. మూడు, ఎంబీఏ పూర్తిచేసిన ఇక్కడి పిల్లలను గురుకుల డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి పిలవాలి.

మీ ఇంట్లో, మీ గూడెంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న పిల్లలుంటే కుల, ఆదాయ ధ్రువపత్రాలకు ఇప్పుడే మీసేవలో దరఖాస్తు చేయించండి. ఐసెట్ నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే గడువు మన కోసం ఆగదు.