గుఱకయు మధుమేహమును

మధుమేహికి దూరపునడకను సుశ్రుతసంహిత విధించినది. కూర్చుండుటయందును నిద్రయందును మితిమీఱిన మక్కువ ప్రమేహకారణమని చరకసంహిత చెప్పును. ఈ చదువుల గర్వముతోనే మేము ఆత్మకూరిలో మా యాడుబిడ్డను సోమరియని పలుమాఱు నిందించితిమి. చెరువుకట్ట వఱకు నడువుమన్న నాలుగడుగులకే కూలబడును. బియ్యమేఱుచునే కునికిపాట్లు పడును.

ఒకరాత్రి ఆమె ప్రక్కను పరుండి వింటిమి. పెద్దగుఱక తటాలున నాగెను, ఊపిరియు నాగెను! మా గుండె జల్లుమనెను. అంతలో నామె యులికిపడి, ఎగఊపిరి తీసి, మరల గుఱక పెట్టెను. తెల్లవాఱువఱకు నిదియే వరుస. నిద్రమొగమని మేము తిట్టిన యామెకు నిద్రయే లేదు.

నెల్లూరిలో వైద్యులు రాత్రినిద్రను పరీక్షించి, ఇది స్లీప్ ఆప్నియా యనిరి. నిద్రలో గొంతుకండలు సడలి శ్వాసమార్గము మూసికొనును. ప్రాణవాయువు తగ్గినపుడెల్ల దేహము కలవరపడి, రక్తమున చక్కెరను పెంచు హార్మోనులను విడుచును. పగటి యలసట నడకను మాన్పును. నడక మాన బరువు పెరుగును. ఆ బరువే గొంతును మఱింత నొక్కును. పగలు కునుకు మధుమేహులున్న యిండ్లవారు ఈ గుఱకను వైద్యునికి తప్పక చెప్పవలయును.

ముక్కుతొడుగుద్వారా గాలిని ఒత్తిడితో పంపు సీపాప్ యంత్రము నామెకిచ్చిరి. 1981లో సిడ్నీ వైద్యుడు సలివన్ ఈ పద్ధతిని ప్రకటించెను. యంత్రము నిద్రనిచ్చును గాని కాళ్లను నడిపింపదు. మొదటి నెల మేమే వెంట నడచితిమి. చక్కెరమందులు మానలేదు. ఇప్పుడు తెల్లవాఱుజామున "వదినా, లేవవా?" యని మమ్ము లేపుచున్నది.