టవరు వచ్చింది, మరి ఇంట్లో ఫోను మోగుతుందా?



"సిగ్నల్ దొరకలేదు సిస్టరమ్మా, అందుకే ఆలస్యమైంది" అనే మాట మా క్యాజువాల్టీలో నైట్ డ్యూటీ చేసే సిస్టర్లకు కొత్త కాదు. 108 సర్వీసు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. బండి ఉచితమే, కాని దానిని పిలవాలంటే ముందు ఫోను కలవాలి కదా! పురిటి నొప్పులు మొదలైన తల్లికి, పాము కరిచినవారికి ప్రతి నిమిషమూ విలువైనదే.

ఏజెన్సీ గ్రామాలకు టవర్లు వేసే పని కొన్నేళ్లుగా జరుగుతోంది. మన రాష్ట్రంతో కలిపి ఐదు రాష్ట్రాలలో సిగ్నల్ లేని 7,287 గ్రామాలకు 4జి ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరులో నిర్ణయించింది. 2022 జులైలో దేశం మొత్తం మీద 24,680 గ్రామాల పనిని బి.ఎస్.ఎన్.ఎల్.కు అప్పగించింది. 2023 జూన్‌లో మన రాష్ట్రంలోని మారుమూల ప్రాంతాలలో ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభమయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. ఇదంతా సంతోషించవలసిన విషయమే.

అయితే టవరు 4జి అయినంత మాత్రాన మన చేతిలోని ఫోను 4జి కాదు. పాత కీప్యాడ్ ఫోన్లలో చాలావాటికి 2జి మాత్రమే తెలుసు. జియోకు 2జి లేనే లేదు. బి.ఎస్.ఎన్.ఎల్. వారి పాత సిమ్ ఉంటే 4జి సిమ్‌గా మార్చుకోవాలి. మేము గమనించినదేమంటే, పట్నంలో పని చేసే కొడుకు దగ్గర కొత్త ఫోను ఉంటుంది, ఇంటి దగ్గర నాయనమ్మ దగ్గర పాతది ఉంటుంది. కోడలికి నొప్పులు వచ్చేసరికి ఇంట్లో ఉండేది నాయనమ్మే. కొత్త ఫోను ఎవరి దగ్గర ఉండాలో మీరే ఆలోచించండి.

కొండకు టవరు వైపు సిగ్నల్ బాగా వస్తుంది, వెనుక వైపు పడిపోతుంది. రేకుల ఇంట్లో తగ్గిపోతుంది, వాకిట్లోకి వస్తే పెరుగుతుంది. తుఫానుకు కరెంటు పోయి చాలాసేపు రాకపోతే, టవరు బ్యాటరీలు అయిపోయి అదీ మూగబోతుంది. కనుక నిన్న సాయంత్రం ఫోనులో పాటలు విన్నాము గదా అని ధైర్యంగా ఉండకూడదు.

మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, ఆ చోట వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే 112కు కాల్ వెళ్లే అవకాశం ఉంది. 108 కలవనప్పుడు తప్పక 112 ప్రయత్నించండి. మాట సరిగా వినబడనంత బలహీనమైన సిగ్నల్ ఉన్నప్పుడు కూడా ఎస్.ఎం.ఎస్. ఒక్కోసారి వెళుతుంది. ఊరి పేరు, మనిషి పరిస్థితి రాసి ఆశా కార్యకర్తకు పంపండి.

గర్భిణీ స్త్రీలు ఎనిమిదవ నెల చెకప్‌కు వచ్చేటప్పుడు మూడు సంగతులు కనుక్కుని రావాలని మనవి. ఇంట్లో రాత్రిపూట ఉండే ఫోను నంబరు, సిగ్నల్ అందే పొరుగువారి నంబరు, మీ ఊళ్లో ఫోను కలిసే చోటు. చింతచెట్టు దగ్గరా, స్కూలు మెట్ల మీదా, ఎక్కడైనా సరే, సిస్టర్ కార్డు వెనుక రాస్తారు. భర్తతో పాటు అత్తగారికీ ఆ చోటు తెలిసి ఉండాలి.

ఎక్కడా సిగ్నల్ అందని ఊరైతే తేదీకి ముందుగానే కిందికి దిగి రండి. ఏజెన్సీలో కొన్నిచోట్ల ప్రభుత్వం గర్భిణుల వసతి గృహాలు నడుపుతోంది. మీకు దగ్గరలో ఏది ఉందో మీ ఏ.ఎన్.ఎం.ను ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్