చీర కోసం పెళ్లి ఆపేసిన అమ్మాయి

మా అమ్మాయికి పదహారేళ్లు. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. మొన్నో శుక్రవారం రాత్రి నాతో కూర్చుని ఒక్క తెలుగు సినిమా చూడవే అని బతిమాలితే, ఫైట్లు వస్తే లేచి వెళ్లిపోతానని షరతు పెట్టింది. సరేనని 'ఆనంద్' పెట్టాను.

శేఖర్ కమ్ముల తీసిన ఈ సినిమా 2004 అక్టోబరు 15న, చిరంజీవి 'శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.' వచ్చిన రోజే వచ్చింది. అంత పెద్ద సినిమా పక్కన, తనను తాను మంచి కాఫీతో పోల్చుకుంటూ నిలబడిందంటే ఆశ్చర్యమే కదా! కమ్ముల కూడా మనలా అమెరికాలో కొన్నేళ్లు ఉన్నవాడే. హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకుని వెనక్కి వెళ్లి, ముందుగా 'డాలర్ డ్రీమ్స్' తీశాడు. దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది.

నేను 'ఆనంద్' మొదటిసారి చూసింది 2005లో. హెచ్-4 మీద అల్ఫారెట్టా వచ్చిన కొత్త. కారు నడపడం రాదు, ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అప్పట్లో ఇండియన్ స్టోర్లో కందిపప్పు, కరివేపాకుతో పాటు డీవీడీలు కూడా అద్దెకు ఇచ్చేవారు, గుర్తుందా? ఆయన ఆఫీసుకు వెళ్లాక అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నీ కూర్చుని ఆ డీవీడీ మూడుసార్లు చూశాను. అమ్మానాన్నలు లేకపోయినా ఉద్యోగం చేసుకుంటూ, తన ఇంట్లో తను తలెత్తుకు బతికే రూపని చూస్తే ఏదో అసూయ. మనలో కొందరికైనా పని చేసుకునే అవకాశం దొరికింది 2015 మే 26 నుంచి కదా. అదీ ముఖ్యంగా భర్త ఐ-140 ఆమోదం పొందిన వాళ్లకు.

పెళ్లి సీను వచ్చింది. రూప తన అమ్మ చీర కట్టుకుంటానంటుంది. కాబోయే అత్తగారు ఒప్పుకోరు. పెళ్లికొడుకు నోరు తెరవడు. రూప పెళ్లి వద్దనేస్తుంది. మా అమ్మాయి సినిమా ఆపేసి, "అమ్మా, వాడు ఒక్క మాట కూడా ఎందుకు అనలేదు?" అంది, ఈసారి తెలుగులోనే.

నాకు జవాబు తట్టలేదు. నా పెళ్లిలో కూడా ఇలాంటిదే జరిగింది. అమ్మ పెళ్లినాటి గద్వాల చీర ఒకటి దాచి నాకిచ్చింది. అప్పగింతలప్పుడు కట్టుకుందామనుకున్నాను. "పాత చీరా?" అన్నారు అత్తయ్యగారు. అంతే, ఇంకేమీ అనలేదు. నేను మార్చేసుకున్నాను. మా ఆయన అవతల ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడుతున్నారు. విన్నారో లేదో ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

మనకు ఇలాంటి సినిమాలు ఎందుకు అంతగా పట్టుకుంటాయంటే, వీటిలో కష్టం చీరంత ఉంటుంది, గదంత ఉంటుంది. 'పెళ్లి చూపులు' (2016) చూడండి. తప్పు ఇంటికి పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి, ఆ ఇంటి అమ్మాయి ఒక గదిలో ఇరుక్కుపోతారు. మాటలు తప్ప చేయడానికి ఏమీ లేదు. అమ్మాయికి ఫుడ్ ట్రక్ పెట్టాలని ఉంటుంది. అబ్బాయికి వంట తప్ప ఏదీ నచ్చదు. ఎవరూ గాల్లోకి ఎగరరు. అయినా ఒక్క అమెరికాలోనే పది లక్షల డాలర్లు దాటింది. నందినీ రెడ్డి 'అలా మొదలైంది' (2011) కూడా ఈ కోవలోదే. అందులో నిత్యామీనన్ గొడవపడుతూ నవ్విస్తుంటే నా స్నేహితురాలే మాట్లాడుతున్నట్టుంటుంది.

'ఫిదా' సంగతి వేరు. 2017 జూలైలో థియేటర్లో చూశాం. బాన్సువాడ భానుమతికి ఊరన్నా, నాన్నన్నా ప్రాణం. అక్క పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లిపోతుంటే ఆ పిల్ల ఏడుపు చూసి, నా వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ నిశ్శబ్దమైపోయారు. వెళ్లిపోయిన అక్కలం మనమే కదా! చివరికి పెళ్లికొడుకే ఆ ఊరికి వస్తానంటాడు. నిజ జీవితంలో అలా వచ్చినవాడిని నేనైతే ఒక్కడినీ చూడలేదు. అది కల్పన అని తెలుసు. తెలిసీ ఏడ్చాను.

ఇంతా మెచ్చుకుంటున్నానని ఈ సినిమాల్లో లోపాలు లేవనుకోకండి. 'ఆనంద్'లో హీరో రూప పక్కింట్లోనే అద్దెకు దిగితే మా అమ్మాయి ముఖం చిట్లించింది. "చెప్పకుండా వెంటపడటం కాదా ఇది?" అంది. 2005లో నాకది ప్రేమగానే కనిపించింది. ఇప్పుడు దాని మాట కాదనలేకపోయాను. కానీ అతను రూపని మార్చాలని చూడడమ్మా, ఆమె తేల్చుకునేదాకా ఆగుతాడు అన్నాను. ఒప్పుకుందో లేదో తెలియదు గానీ సినిమా చివరిదాకా కదల్లేదు.

అయిపోయాక, "ఆ చీర ఇంకా ఉందా?" అని అడిగింది. పై అరలో సూట్‌కేసులో ఉంది. మడతల దగ్గర జరీ నల్లబడింది. అది పమిట భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది, పైజామా మీదే.

గరాజ్ తలుపు చప్పుడైంది. మా ఆయన లోపలికి వచ్చి, "ఏంటి తల్లీకూతుళ్లు, ఇంకా పడుకోలేదా? ఎక్కడిదా చీర?" అన్నారు.

"కూర్చోండి, కాఫీ పెడతాను. మిమ్మల్ని ఒకటి అడగాలి" అన్నాను.